సీమ నుంచి చిత్రిక తెప్పించిన మామ

మా చిన్నమామ పోయాడన్న వార్త నాకు మదురైలో ఒక బస్సు కండక్టరు చెప్పాడు. మా ఊరు రాజపాళయం పోయే బస్సులో పనిచేసే ఆ పెద్దమనిషి మామూలుగా నన్ను చూడగానే "ఏం సారూ, ఇంకా ఉద్యోగం ఊడలేదా?" అని క్షేమం అడిగేవాడు. ఆ సాయంత్రం మా ఆఫీసు మెట్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, "బయలుదేరండి సారూ. మీ మామ పోయినారు. సీటు పట్టి పెట్టినాను," అన్నాడు. వేళాకోళం ఆడని కండక్టరును చూడడం నాకదే మొదలు. కిటికీ పక్క సీటు మీద తన తువ్వాలు పరిచి ఉంచాడు. శ్రీవిల్లిపుత్తూరు దాటేదాకా నేను ఆ తువ్వాలు మీదే కూర్చున్న సంగతి నాకు తెలియలేదు.

మధ్యాహ్నం అన్నం తిని, పత్తికొట్టులో చాప మీద నడుం వాల్చాడట. కాఫీకి పిలిస్తే లేవలేదు. అంతే. యాభై ఇంకా నిండలేదు.

చదువరులకు ముందే ఒక మాట విన్నవించుకోవాలి. మా మామ ఏ సభకూ అధ్యక్షత వహించలేదు. ఏ వీధికీ ఆయన పేరు పెట్టలేదు, పెడదామని ఎవరికీ తోచనూ లేదు. ఆయన చేసిన ఘనకార్యమల్లా ఇంగ్లండులో ఒక అంగడి నుంచి తపాలాలో వడ్రంగి పనిముట్లు తెప్పించుకోవడం. ఇంత మాత్రానికి స్మృతి వ్యాసమా అని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అదే అడిగాను. కానీ వారాలు గడిచినా ఆ పత్తికొట్టు ముందు నుంచి నడిచినప్పుడల్లా నా కాళ్ళు వాటంతటవే నెమ్మదిస్తున్నాయి. కాళ్ళకు నేను బి.ఏ. చదివిన సంగతి తెలియదు.

మూడో రోజు కరుమాది కార్డులు రాసే పని నాకు పడింది. మనిషి పోయాడని, ఫలానా రోజు కర్మ అని బంధువులకు తెలిపే కార్డులవి. చదువుకున్నవాడి దస్తూరీ చావు కబురుకు బాగుంటుందని మా వాళ్ళ నమ్మకం. సేత్తూరు, తళవాయిపురం, సత్రపట్టి బంధువులందరికీ రాయడం అయ్యాక, గోడకు ఆనుకుని కూర్చున్న మా అత్త తల ఎత్తింది.

"ఆ సీమ అంగడికి కూడా ఒకటి రాయిరా."

"వాళ్ళకెందుకత్తా?"

"ఎందుకంటావేందిరా? మళ్ళీ ఏదన్నా అడుగుతాడని వాళ్ళు చూస్తా ఉంటారు కదా. చెప్పకుండా సుమ్మా ఉండిపోతే ఎట్లా?"

రాశాను. 'అయ్యలారా, మీ దగ్గర సామాను కొన్న ఒక వ్యక్తి ఇకపై ఏమీ ఆర్డరు చేయరని తెలియజేయడానికి చింతిస్తున్నాము.' అత్త దాన్ని తెలుగులో చెప్పించుకుని విని, "మంచి సామాను పంపినారని కూడా ఒక వరుస వెయ్యి," అంది. ఆ వరుస కూడా వేశాను. అక్షరాలు మాత్రం వంకరపోయాయి.

పత్తి పండించే ఇంట్లో పుట్టి, పత్తి అమ్ముకుని బతకవలసిన మా మామ చెక్క కనిపిస్తే చాలు, అరచేత్తో తడిమేవాడు. పెళ్ళిచూపులకు వెళ్ళినచోట పిల్లను చూడకముందే వాళ్ళ ఊయల బల్లను కిందనుంచి పైదాకా నిమిరి చూశాడని మా అత్త ఎన్నిసార్లు చెప్పిందో. "నా మొగం చూసింది తరవాత. ముందు బల్లే," అనేది. "బల్ల బాగుండాదిలే అని ఒప్పుకున్నా," అనేవాడు మామ.

మా తాతకు, అంటే మామను కన్న తండ్రికి, ఈ గుణం బొత్తిగా గిట్టలేదు. మా వైపు వడ్రంగిని ఆశారి అంటారు. "మన ఇంట్లో ఉండేది ఆశారికి కూలి ఇచ్చే చెయ్యిరా. నువ్వు ఉలి పట్టుకుంటే వాడు ఏం పట్టుకొని బతకాల?" అని అడిగాడట. ప్రశ్నలో న్యాయం ఉంది. మామలో ఆశ ఉంది.

తాత ప్రశ్నతో ఆగే మనిషి కాదు. చుట్టుపక్కల కమ్మరులందరికీ కబురు పెట్టాడు: మా చిన్నోడు వచ్చి అడిగితే ఏ పనిముట్టూ చేసి ఇవ్వొద్దని. ఇది తెలియని మామ సైకిలెక్కి సేత్తూరు పోయాడు. అక్కడి కమ్మరి అరుగు దులిపి కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించాడు. "తాగండయ్యా. ఎండన పడి వచ్చినారు. ఇంకో చెంబు తాగండి. ఉలి మాత్రం అడగొద్దండి. పెద్దయ్య చెప్పి పంపినారు," అన్నాడు. తళవాయిపురంలోనూ మజ్జిగే. సత్రపట్టిలో మజ్జిగతో పాటు బెల్లం ముక్క కూడా ఇచ్చారు. ఇక మదురై ఇనుప సామాను బజారు మిగిలింది. అక్కడ పెద్ద అంగడివాడు మా తాత దగ్గర పత్తి కొనే వ్యాపారికి బావమరిదిగా తేలాడు.

మామ నేరుగా మా ఇంటికి వచ్చాడు. మేము పక్క వీధే. మా అమ్మ ఆయనకు అక్క.

"మా నాయన అంటే ఎవరో తెలియని ఊరు ఒకటి కావాలక్కా."

"అట్లాంటి ఊరు ఈ జిల్లాలో లేదురా."

"జిల్లాలో లేకుంటే పోనీ. లోకం పెద్దది కదా."

అప్పట్లో మా ఊరి మిల్లులో యంత్రాలు బిగించడానికి ఒక దొర వచ్చి ఉండేవాడు. ఆయన గది తలుపు గాలికి కొట్టుకోకుండా ఒక లావుపాటి పుస్తకం అడ్డం పెట్టుకునేవాడు. అది వాళ్ళ దేశంలోని ఒక అంగడి సామాను పుస్తకం: బొమ్మ, పక్కన నంబరు, కింద ధర. దొర వెళ్ళిపోయేటప్పుడు మామ దాన్ని అడిగి తెచ్చుకున్నాడు. దొర ఆశ్చర్యపోయి ఉంటాడు. తలుపుకు అడ్డం పెట్టే వస్తువును ఒక మనిషి రెండు చేతులా గుండెకు హత్తుకుని తీసుకువెళ్ళడం ఆయన మరెక్కడా చూసి ఉండడు.

మామ అన్నం తింటూ దాన్ని చదివేవాడు. హైస్కూలు ఇంగ్లీషుతో స్వయంగా ఉత్తరం రాశాడు. బ్యాంకులో కాగితాల మీద సంతకాలు చేశాడు. ఒక పత్తి పంట ఇల్లు చేరి, మరుసటి పంటకు విత్తనాలు వేసేవేళకు పార్సిలు వచ్చింది.

నేనప్పుడు బళ్ళో ఉన్నాను. ఈ ఘట్టం అమ్మ చెప్పగా విన్నదే. తపాలా మనిషి పెట్టె దించేసరికి తాత అరుగు మీద ఉన్నాడు. ఆయన ఎదుటే విప్పక తప్పలేదు. గడ్డి, గడ్డి కింద నూనె కాగితం, నూనె కాగితంలో చిత్రిక. చెక్కను నునుపు చేసే ఆ పనిముట్టు మా ఆశారుల దగ్గర చెక్కదే ఉంటుంది. ఇనుప చిత్రికను ఆ ఇంట్లో అంతవరకు ఎవరూ చూడలేదు. అడుగున నున్నటి ఇనుము, పైన పట్టుకునేందుకు పిడి.

తాత దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. "ఇస్త్రీ పెట్టెనా?"

మామ వంగి, కింద రాలిన గడ్డి ఏరసాగాడు.

"నిప్పులు ఎక్కడేస్తారు?"

"నిప్పులు లేకుండానే నాయనా. సీమలో అట్లే చేస్తారు."

"సరి. నీ పంచె నువ్వే ఇస్త్రీ చేసుకొని చాకలోడి కూడు కూడా తియ్యి," అని తిరిగి ఇచ్చేశాడు.

తాత నిజంగా ఇస్త్రీ పెట్టె అనే అనుకున్నాడా అన్నది మా వంశ చరిత్రలో ఇప్పటికీ తేలని ఘట్టం. అమ్మ మాత్రం తేల్చేసింది: "మీ తాతకు అప్పుడే తెలుసురా. తెలిసినట్టు చూపిస్తే అడ్డం పడాల. అడ్డం పడితే వాడు ఆ పెట్టెను చంకన పెట్టుకొని ఎక్కడికన్నా పోతాడని భయం."

ఆ ఏడాది ఆయుధపూజకు ఇంట్లోని పనిముట్లన్నీ పటం ముందుకు వచ్చాయి. కొడవళ్ళు, పారలు, పత్తి తూచే త్రాసు. వాటి మధ్య మా అత్త చిత్రికను తెచ్చి పెట్టింది. "ఇస్త్రీ పెట్టె కూడా పనిముట్టే కదా మామయ్యా," అంది తల వంచుకుని. తాత ఒక్క క్షణం చూసి, కర్పూర హారతి దానికీ చూపాడు. అందరికీ ఊపిరి వచ్చింది. అయితే అత్త భక్తి కొద్దీ దానికి తడి చందనం, కుంకుమ దండిగా పెట్టింది. పూజలో పెట్టిన వస్తువును మర్నాటిదాకా ముట్టకూడదు. మామ మర్నాడు తీసి చూస్తే, బొట్టు పెట్టిన చోటల్లా తుప్పు.

అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మామ అడుగు భాగం మాత్రం రుద్ది శుభ్రం చేసి, పక్కల మీది మచ్చలను అలాగే ఉంచేశాడు. "సీమ పిల్ల మన ఇంటికి కోడలై వచ్చింది. బొట్టు చెరిపేదా?" అన్నాడు.

ఆయన పని నేర్చుకున్న తీరు కూడా చెప్పుకోదగ్గదే. పుస్తకంలో బొమ్మలోని తెల్లమనిషి బల్ల ముందు నిలబడి చిత్రిక పడుతున్నాడు. మా ఆశారులు నేల మీద కూర్చుని, చెక్కను కాలివేళ్ళతో అదిమి పట్టుకుని పనిచేస్తారు. "వీడు పటం కోసం లేచి నిలబడినాడురా. నిలబడి ఎవురన్నా చెక్కపని చేస్తారా?" అని మామ కూడా నేల మీదే కూర్చున్నాడు. ఆ ఇనుప చిత్రిక కూర్చున్నవాడి మాట వినే రకం కాదు. రెండు బొటనవేళ్ళ చర్మం లేచిపోయాక, తెల్లమనిషి మీద ఆయనకు గౌరవం కలిగి, తనూ పత్తికొట్టులో ఒక బల్ల చేసుకున్నాడు.

ఆ తర్వాత మరికొన్ని వచ్చాయి. రెండు ఉలులు, ఒక రంపం. ప్రతిదానికీ నెలల తరబడి ఎదురుచూపులు. అడిగితే, "కప్పల్లో ఉండాది," అనేవాడు. కప్పల్ అంటే మా వైపు ఓడ. కొన్నాళ్ళకు ఆ మాట ఆయనకు అన్నిటికీ జవాబయింది. వాన ఎప్పుడొస్తుంది మామా? కప్పల్లో ఉండాది. నా బి.ఏ. ఫలితాలు? కప్పల్లో ఉండాదిరా, తొందరేంది? ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖంలో విసుగు ఉండేది కాదు. బయలుదేరిన వస్తువు ఏదో ఒక రోజు చేరుతుందన్న ధీమా ఉండేది. ఇప్పుడు నేను రోజుకు ఎన్నో వాటి కోసం ఎదురుచూస్తున్నాను, అంత ధీమాగా ఎదురుచూడడం మాత్రం చేతకావడం లేదు.

ఆయన చేసిన మొదటి పెద్ద వస్తువు చేతుల కుర్చీ. తండ్రి కోసమే చేశాడు. తెచ్చి అరుగు మీద పెట్టి, స్తంభం చాటున నిలబడ్డాడు. తాత దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, ఎప్పటిలా నేల మీద చాప పరిపించుకుని కూర్చున్నాడు. "కూలిపని చేసే కొడుకును కన్నానని ఊరికి కూర్చొని చూపించాల్నా?" అన్నాడు. సాయంత్రానికి తాతగారింటి తెల్ల కుక్క ఆ కుర్చీ ఎక్కి, ముందు కాళ్ళు చాచి, మా తాత కన్నా గంభీరంగా వీధిని పరిపాలించసాగింది. అది పోయేదాకా ఆ కుర్చీ దానిదే.

మామ నవ్వాడు. "కుక్కకు నచ్చింది. అది రాజుల ఇళ్ళల్లో పట్టు మీద పండుకునే జాతి," అన్నాడు. కానీ ఆ తర్వాత ఏది చేసినా ముందుగా తండ్రి నడిచే దారిలో పెట్టేవాడు. ముక్కాలిపీట, మందుల పెట్టె, పటానికి చట్రం. తాత వాటిని దాటుకుని పోయేవాడు. ఒకసారి నేను ఉండబట్టలేక, "మామా, ఆయన చెప్పడు. వదిలెయ్యి," అన్నాను.

"ఒక్క మాటరా. పెద్ద మాట వద్దు. బాగుండాది అని కూడా వద్దు. ఇది నా కొడుకు చేసినాడు, అంటే చాలు."

"అంటాడంటావా?"

"కప్పల్లో ఉండాది," అన్నాడు. అప్పుడు మాత్రం నా వైపు చూడలేదు.

నయాపైసలు వచ్చిన రోజుల్లో సర్కారు విదేశీ సరుకుల మీద కట్టడి బిగించింది. మామ పుస్తకంలో ఒక పేజీ మూల మడిచి పెట్టుకుని ఉన్నాడు: రెండు పక్కలా పిడులు, మధ్యలో చిన్న కత్తి అలుగు, ఒంపుల మీద నునుపు పట్టే బుల్లి చిత్రిక. బ్యాంకులో ఆయన కాగితం వెనక్కి ఇచ్చి, "దేశానికి యంత్రాలు కొనేదానికే సీమ డబ్బు చాలటం లేదు సార్. మీకు చిత్రిక తెప్పించాల్నా?" అన్నారు. ఏడాదికోసారి వెళ్ళి అడిగేవాడు. ఏడాదికోసారి వాళ్ళు అదే చెప్పేవారు. పేజీ మడత మాత్రం విప్పలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. దీన్ని రాయాలా వద్దా అని చాలా తటపటాయించాను. మా తాత అనుమతి దొరికాకే రాస్తున్నాను.

నేను బి.ఏ. పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న ఎండాకాలంలో తాత బావి దగ్గర జారి పడ్డాడు. తుంటి దెబ్బతింది. ఇక జన్మలో గొంతుక్కూర్చోకూడదని మదురై డాక్టరు చెప్పాడు. గొంతుక్కూర్చోకుండా మనిషి ప్రతి ఉదయం చేయవలసిన పని ఎలా చేస్తాడు? మధ్యలో కంత ఉన్న కుర్చీ ఒకటి చేయించమన్నాడు డాక్టరు. చేయించాలంటే ఆశారిని పిలవాలి, కొలతలు ఇవ్వాలి, ఎందుకో చెప్పాలి. మధ్యాహ్నానికి ఆ మాట టీకొట్టు దాకా పోతుంది. ఊరంతా భయపడే పెద్దమనిషి, పాపం, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. గోడను చూస్తూనే మా అమ్మతో ఒక్క మాట అన్నాడు.

"ఆశారిని పిలవొద్దు."

అమ్మ వచ్చి అది మామకు చెప్పింది. మామ చేతిలో కాఫీ లోటా ఉంది. "ఆశారిని పిలవొద్దన్నాడా? అట్లే అన్నాడా?" అని రెండుసార్లు అడిగాడు. లోటా కింద పెట్టి పత్తికొట్టు వైపు నడిచాడు. మనిషి మామూలుగానే నడుస్తున్నాడు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

దాచిపెట్టుకున్న గంగరావి చెక్క తీశాడు. కుర్చీ చట్రం త్వరగానే లేచింది. కంత అంచు దగ్గరే ఆగిపోయాడు. ముసలి ఒంటికి ఎక్కడా గుచ్చకూడదు, ఒరుసుకోకూడదు. ఒంపు మీద పట్టే ఆ బుల్లి చిత్రిక ఉంటే ఒక పూట పని. అది సీమలోనే ఉండిపోయింది. మామ సోడా అంగడికి పోయి పగిలిన సోడా బుడ్డి ముక్కలు ఏరుకొచ్చాడు. గాజు అంచుతో గీకడం, అరచేత్తో నిమరడం, మళ్ళీ గీకడం. రోజుల తరబడి ఆ సన్నని కరకర శబ్దం. అది విన్న చెవులకు మిల్లు కూత కూడా సంగీతంలా ఉండేది.

చివరికి నన్ను పిలిచాడు. "కూర్చోరా."

"మామా, నేను బి.ఏ. పరీక్ష రాసినవాణ్ణి."

"అందుకే పిలిచినా. చదువుకున్నోడు ఎక్కడ గుచ్చిందో సరిగ్గా చెప్తాడు."

విశ్వవిద్యాలయం నాకు అప్పగించని బాధ్యతను నేను గాంభీర్యంతో నిర్వర్తించాను. ముందుకు జరిగాను, వెనక్కి జరిగాను, కాలు మీద కాలు వేసుకున్నాను. "కుడివైపు కొంచెం," అన్నాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని గాజుముక్క తీశాడు.

తెల్లవారి తాతను అమ్మ, అత్త చెరోపక్కా పట్టుకుని లోపలికి తీసుకుపోయారు. మామ పెరట్లో మునగచెట్టు కింద నిలబడి, ఎన్నడూ చూడని కాయలను శ్రద్ధగా చూస్తున్నాడు. నేనూ చూశాను. చాలాసేపు చూశాం. తాత బయటికి వచ్చి, మా ముందు నుంచి నడుస్తూ, మొహం తిప్పకుండా అన్నాడు:

"ఎడమ కాలు కొంచెం పొడుగు. ఊగుతా ఉండాది."

అంతే. చెక్కపని గురించి తండ్రి కొడుకుతో మాట్లాడిన మొదటి మాట అది. మామ ఆ పూటే కాలు సరిచేశాడు. మర్నాడు తాత ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. "చూసినావా, ఈ రోజు ఏమీ అనలేదు!" అని మామ నా భుజం పట్టుకుని ఊపేశాడు.

ఆ కుర్చీ రహస్యం ఇల్లు దాటలేదు. మామ ఎవరితోనూ అనలేదు. తాను చేసిన వాటిలో అన్నిటికన్నా చక్కటి వస్తువు లోపలి గదిలో గుడ్డ కప్పుకుని ఉండిపోయింది. తాత ఏళ్ళ తరబడి రోజూ దాని మీద కూర్చున్నాడు. మామ అడిగిన ఆ ఒక్క మాట మాత్రం రాలేదు. మామ ఎదురుచూస్తూనే ఉన్నాడు, చాప మీద నడుం వాల్చిన మధ్యాహ్నం దాకా.

ఇప్పుడు మధ్యాహ్నాలు తాత వాళ్ళ వీధిలో నిశ్శబ్దంగా ఉంటాయి. పత్తికొట్టులో చెక్క పొట్టు ఇంకా నేల మీదే ఉంది. అత్త ఊడవనివ్వడం లేదు. తలుపు తీస్తే నూనె కాగితం వాసన. నేను సెలవు పెట్టుకుని వచ్చినప్పుడల్లా ఆ బల్ల ముందు కాసేపు నిలబడతాను. పనేమీ రాదు. ఊరికే అరచేయి ఆనించి నిలబడతాను. ఎవరో వచ్చి "కూర్చోరా" అంటే బాగుండునని ఉంటుంది.

కర్మ రోజున అరుగంతా బంధువులు. సేత్తూరు, తళవాయిపురం వాళ్ళు, మిల్లువాళ్ళు. మా ఇంటి పాత ఆశారి కూడా వచ్చి మెట్టు దగ్గర నిలబడ్డాడు. తాత ఆశారిని చూసి నన్ను పిలిచాడు.

"లోపల ఉండే నా కుర్చీ తీసుకొని రా."

"ఏ కుర్చీ తాతా?"

"నేను రోజూ కూర్చొనేది."

అమ్మ, "నాయనా, ఇంతమంది..." అని ఆగిపోయింది. తాత కర్రతో నేలను ఒకసారి తట్టాడు. నేను వెళ్ళి తెచ్చాను. మర్యాద కోసం మధ్యలో తువ్వాలు కప్పి, పెళ్ళికొడుకును తెచ్చినట్టు జాగ్రత్తగా తెచ్చాను. తాత ఆ తువ్వాలు లాగి పక్కన పారేశాడు. కంత అందరికీ కనిపించింది. ఆయన నెమ్మదిగా దాని మీద, బంధువులందరి ఎదుట, కూర్చున్నాడు.

"దగ్గరికి రా. చెయ్యి పెట్టి చూడు," అన్నాడు ఆశారితో.

ఆశారి వంగి, కుర్చీ చేతి కిందుగా వేళ్ళు పోనిచ్చి, అంచు పొడవునా నిమిరాడు. మళ్ళీ వెనక్కి నిమిరాడు.

"ఎవురు చేసినారు సామీ?"

"నా కొడుకు చేసినాడు."

"మా వాళ్ళల్లో ఎవురు నేర్పించినారు ఆయనకు?"

తాత చేతికర్రను పక్కకు ఆనించాడు. "ఎవురూ నేర్పించలేదు. నేను నేర్పించనియ్యలేదు," అన్నాడు.

ఆశారి అలాగే వంగి ఉన్నాడు. అలాగే వంగి ఉన్నాడు. కుర్చీ చేతికి కింద ఆయన అరచేయి, పైన మా తాత అరచేయి. ముసలి చేయి చెక్క మీద మెల్లగా ముందుకు జరిగింది, చివరిదాకా వెళ్ళింది, గాలిలో ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. మళ్ళీ ముందుకు వెళ్ళింది.